మూడేళ్ళు వాడిన స్కేట్లు, ఒక్క సానతో పోయిన స్పిన్

మంచు మీద జారుతూ, గిరగిరా తిరిగే ఫిగర్ స్కేటింగ్ కోసం ఈ స్కేట్లు కొని మూడేళ్ళు దాటింది. బూటు సైజు ఎలా చూసుకోవాలి, ఎన్నాళ్ళకు మెత్తబడుతుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా చెప్పను. ఒకరి కాలికి చెప్పి చేయించినట్టు కుదిరిన బూటు ఇంకొకరి మడమను పుండు చేస్తుంది. నేను రాయాలనుకున్నది బ్లేడు ముందు భాగంలో ఉండే రెండంగుళాల గురించి, దాన్ని ఎవరి చేతిలో పెట్టానన్న దాని గురించి. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

అమెరికాలో మినియాపోలిస్ శివార్లలో ఉంటాను. 42వ ఏట మొదలుపెట్టాను, బరువు 84 కిలోలు. అంతకుముందు ఆడిన ఆట అంటే ఆఫీసు క్యారమ్సే. ఇక్కడ ఊరంతా ఐస్ హాకీ పిచ్చి. ఐదేళ్ళ పిల్లలు తమకంటే పెద్ద సంచీలు ఈడ్చుకుంటూ రింక్‌లోకి వస్తుంటారు. వాళ్ళ మధ్య నల్ల ఫిగర్ స్కేట్లు వేసుకుని గోడ పట్టుకుని నిలబడ్డ నడివయసు తెలుగువాడిని ఊహించుకోండి. ‘లెర్న్ టు స్కేట్ యూఎస్ఏ’ వాళ్ళ పెద్దల తరగతులు ఆరు మెట్లుగా ఉంటాయి. మొదటి రోజు నేర్పింది పడటం, లేవటం. అది బాగానే వచ్చింది. తొలి ఏడు నెలలు అద్దె స్కేట్లతో లాగించి, తర్వాత ఇవి కొన్నాను.

మిగతావన్నీ ఒక ఎత్తు, స్పిన్ ఒక ఎత్తు. గుంటూరు జిల్లాలో మా ఊరి గుడి ముందు బొంగరాలు ఆడి పెరిగినవాడిని. మేకు వంకరగా దిగిన బొంగరం ఒకచోట నిలవదు, గిలగిల్లాడుతూ వెళ్ళి ఎవడి కాలో తగులుతుంది. సూటిగా దిగినది అక్కడే నిలబడి గుయ్యిమంటుంది. స్పిన్ కూడా అచ్చం అంతే, కాకపోతే ఇక్కడ మేకు మన కాలికింద ఉంటుంది. చాలామంది ముందున్న పళ్ళ మీద, అంటే టో పిక్ మీద తిరుగుతారనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మొదటి వారం మూడుసార్లు బోర్లా పడ్డాను. తిరిగేది ఆ పళ్ళకు కాస్త వెనక, పాదం ముందు మెత్త కింద ఉండే చోటు మీద. బ్లేడు అడుగు పొడవునా 7 అడుగులో 8 అడుగులో వ్యాసార్ధమున్న వృత్తంలో ముక్కలా సన్నగా వంగి ఉంటుంది. ముందుకొచ్చేసరికి ఆ వంపు కాస్త ఎక్కువవుతుంది. స్పిన్ ప్రాణమంతా ఆ ఎక్కువ వంపులోనే. అన్నిటికంటే కింద ఉండే పన్ను, మనం మరీ ముందుకు వాలిపోకుండా మంచును లైట్‌గా గీరుతూ ఆపుతుంది.

కుడికాలి మీద వెనక్కి జారుతూ వచ్చి, ఎడమకాలి మీదకు అడుగేసి, బయటి ఎడ్జ్ మీద, అంటే బ్లేడు బయటి అంచు మీద వంపు తిరగాలి. ఆ వంపు బిగుసుకుంటూ పోయి త్రీ టర్న్‌గా, అంటే అదే కాలి మీద ముందునుంచి వెనక్కి తిరిగే మలుపుగా మారుతుంది. అక్కడినుంచి లోపలి ఎడ్జ్ మీద వెనక్కి చిన్న చిన్న సున్నాలు చుట్టడమే. రాయడానికి నాలుగు ముక్కలు, నాకు పట్టింది పద్నాలుగు నెలలు. కడుపులో తిప్పడం మొదటి కొన్ని వారాలే. నాట్యం చేసేవాళ్ళలా ఒకేచోట చూపు నిలిపి తల విసరడం ఇక్కడ కుదరదు. అలవాటు పడాల్సిందే, ఆగగానే ఏదో ఒకదాన్ని చూడాలి. నేను స్కోరుబోర్డును చూస్తాను.

రెండో ఏడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున, మంచు కొత్తగా సాపు చేసి ఉంది. చేతులు దగ్గరికి లాగగానే ఎవరో వెనకనుంచి తిప్పినట్టయింది. మూడు చుట్లు. ఆగి కిందికి చూస్తే సున్నా మీద సున్నా, అరచేతిలో పట్టే జిలేబీ. 2015లో ఒలీవియా రిబిట్స్కా ఆలివర్ నిమిషానికి 342 చుట్ల వేగంతో తిరిగి గిన్నిస్ రికార్డు కొట్టింది. నాది ఆ లెక్కన నిమిషానికి 60, అదీ మూడు సెకన్లకే సరి. అయినా ఆ జిలేబీని ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో చూపించాను. మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, “ఏముందండీ ఇందులో, గీతలేగా” అంది.

తర్వాత రెండు నెలలు స్వర్గం. అప్పుడే స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఈ స్కేట్లను తెగ పొగిడాను. అద్దెవి పారేసి వెంటనే సొంతవి కొనండి, సగం స్కిల్ బూటులోనే ఉంది అన్నాను. ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఏప్రిల్ చివర రింక్‌లో చిన్న ప్రదర్శన, పెద్దల బృందంలో నాకూ ఒకటిన్నర నిమిషం. బ్లేడ్లు మొద్దుబారాయి. అప్పటిదాకా రెండుసార్లు సాన పెట్టించింది గంట దూరంలో ఉన్న ఒక పెద్దాయన దగ్గర. ఫిగర్ బ్లేడ్లే చేస్తాడు, ముందుగా ఫోన్ చేసి తేదీ తీసుకోవాలి. ఆ వారం ఆఫీసులో రిలీజు, సెలవు దొరకలేదు. రింక్ పక్కనే ఉన్న షాపులో ఇచ్చాను. పది డాలర్లు, పది నిమిషాలు. బ్లేడు అడుగున రెండు అంచుల మధ్య ఉండే గాడి వంపుకు వ్యాసార్ధం ఎంత పెట్టాలని ఆ కుర్రాడు అడగలేదు. నేను అర అంగుళం అని చెప్పబోయి, వాడికి తెలియదా అని ఊరుకున్నాను. తప్పు అక్కడే జరిగింది, అందులో సగం నాదే.

మర్నాడు స్పిన్ పోయింది. ఎలా పోయిందో చెప్పడం కష్టం. అంతా అదే, అదే అడుగు, అదే వంపు. కానీ తిరగడం మొదలవగానే కాలు కింద నేల పక్కకి జరుగుతున్నట్టు ఉండేది. మంచు మీద జిలేబీ స్థానంలో సాగదీసిన స్ప్రింగు. మూడు చుట్లకు నాలుగడుగులు పక్కకు పోయేవాడిని. మా కోచ్ అరవై దాటిన మనిషి, ఎన్నో ఏళ్ళుగా నేర్పుతోంది. ఎడమ భుజం ముందే తెరుచుకుంటోందని ఒక వారం, రెండో కాలు తొందరగా లోపలికి తెస్తున్నానని ఇంకో వారం, మోకాలు చాలినంత వంచట్లేదని ఇంకో వారం దిద్దింది. నేను అన్నీ నమ్మాను. వయసైపోయిందేమో అనీ నమ్మాను. ప్రదర్శనలో ఒంటికాలి స్పిన్ తీసేసి రెండు కాళ్ళ స్పిన్ పెట్టుకున్నాను. అప్పుడు పడ్డ సిగ్గు నాకు తెలుసు, చూసినవాళ్ళకు తేడా తెలియదు.

ఏడు వారాలయ్యాక ఒకరోజు కోచ్ విసుగొచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి స్కేటు విప్పమంది. బ్లేడును తలకిందులు చేసి, అడుగున అంచునుంచి అంచుకు ఒక క్వార్టర్ నాణెం అడ్డంగా ఆనించింది. అది ఒక వైపుకు వాలింది. అంటే ఒక అంచు రెండోదానికంటే ఎత్తుగా ఉంది. తర్వాత బొటనవేలుతో ముందు వంపు మీద మెల్లిగా రాసి, ఏమీ అనకుండా నా వైపు చూసింది. స్కేట్లు కొన్నరోజు మురిసిపోతూ తీసుకున్న ఫొటో ఫోన్లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. కింది పన్ను కొస రెండు మిల్లీమీటర్ల దాకా అరిగిపోయి ఉంది. ఎక్కువ వంపు ఉండాల్సిన చోటు చదునైపోయింది. హాకీ బ్లేడుకు పళ్ళుండవు, ఈ కొసనుంచి ఆ కొసకు యంత్రం మీద ఒకే ఊపులో లాగేయొచ్చు. నా బ్లేడునూ అలాగే లాగేశాడు. పన్ను అడ్డమొస్తే దాన్నీ కొట్టేశాడు. రోజుకు ఎన్ని హాకీ స్కేట్లు చేస్తాడో, చెయ్యి అలా అలవాటు పడిపోయి ఉంటుంది. మా ఊళ్ళో సైకిలు మీద సానరాయి పెట్టుకుని వచ్చే మనిషి కూడా ఇది కూరగాయల కత్తా, మాంసం కత్తా అని అడిగేవాడు.

గంట దూరం పెద్దాయన దగ్గరికి వెళ్తే, చూసి తల అడ్డంగా ఊపాడు. పోయిన లోహాన్ని తెచ్చి అతికించలేం. మిగతా బ్లేడునంతా దానికి తగ్గట్టు అరగదీస్తే వంపు కొంత వస్తుంది, కానీ బ్లేడు ఆయుష్షు తగ్గిపోతుంది, పన్ను మాత్రం తిరిగి రాదు. బూట్లు బాగానే ఉన్నాయి కాబట్టి పాత బ్లేడ్లు ఊడదీయించి కొత్తవి బిగించుకున్నాను. పది డాలర్లు మిగుల్చుకోబోయి దాదాపు రెండు వందలు వదిలించుకున్నాను.

కొత్త బ్లేడ్లతో మొదటిరోజు స్పిన్ వస్తుందని ఆశపడి వెళ్తే, నిలువునా బోర్లా పడ్డాను. పన్ను లేని బ్లేడుకు ఏడు వారాల్లో ఒళ్ళు అలవాటు పడిపోయింది, ఇప్పుడు ఉన్న పన్ను మంచులో గుచ్చుకుంటోంది. అది సర్దుకోవడానికి పది రోజులు. ఆ తర్వాత వచ్చింది, మునుపటికంటే బాగా. భుజం, రెండో కాలు, మోకాలు అని కోచ్ వారాల తరబడి దిద్దినవన్నీ ఇప్పుడు అక్కరకొచ్చాయి. నాలుగు చుట్లు, ఒక్కోసారి ఐదు. ఈ సంగతి ఆ షాపువాడికి మాత్రం చెప్పను.

ఇక పొగడ్తల సంగతి. సగం స్కిల్ బూటులో ఉందన్న మాట తప్పు. ఉంటే గింటే బ్లేడులో ఉంది, అదీ సాన పెట్టే మనిషి చేతిలో. బూటు గట్టిదనం గురించి కూడా కాస్త ఎక్కువ చెప్పాను. నా బరువుకు అది కావాలి. 55 కిలోలున్న మా తరగతి అమ్మాయి ఇదే బూటు నా మాట విని కొని, ఆర్నెల్లయినా చీలమండ వంచలేక కింది మోడల్‌కు మారింది. ఆమె ఏమీ అనలేదు, నాకే మొహం చెల్లలేదు. గుంపు తరగతులు మొదటి ఏడాదికి చాలు. అరగంట క్లాసులో స్పిన్‌కు దక్కేది ఐదు నిమిషాలు, దానితో స్పిన్ రాదు. నాకు వచ్చింది విడిగా డబ్బు కట్టిన పాఠాల వల్లే.

వయసు గురించి భయపడేవాళ్ళకు ఒక మాట. అమెరికాలో పెద్దల జాతీయ పోటీలు 1995 నుంచి జరుగుతున్నాయి. జర్మనీలోని ఓబర్‌స్ట్‌డార్ఫ్‌లో 28 ఏళ్ళు నిండినవాళ్ళకు అంతర్జాతీయ పోటీ 2005లో మొదలైంది. అక్కడికి వెళ్ళే ఆలోచన నాకు లేదు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, “ఒరే నాన్నా, ఇంకా ఆ బొంగరాలేనా, నడుం విరిగితే ఎవర్రా చూసేది” అంటుంది. మోచేతులకు, తుంటికి ప్యాడ్లు కట్టుకునే దిగుతానని చెప్పినా నమ్మదు.

కొనాలా వద్దా అంటే, మీ ఇంటికి పావుగంటలో ఏడాదంతా నడిచే రింక్ ఉండి, వారానికి కనీసం రెండుసార్లు వెళ్ళగలిగితే కొనండి. నాకు అది కుదిరింది, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యారు కూడా. నెలకోసారి వెళ్ళేవాళ్ళకు అద్దెవే మేలు. కొనేముందు మాత్రం మీ చుట్టుపక్కల ఫిగర్ బ్లేడ్లకు సాన పెట్టేవాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. గంట లోపు ఎవరూ లేకపోతే నేనైతే ఆలోచిస్తాను.

సిట్ స్పిన్ ఇంకా రాలేదు. కూర్చోబోతే తిరగడం ఆగిపోతుంది, తిరిగితే కూర్చోలేను. వచ్చే శనివారం పెద్దాయన దగ్గర సాన తేదీ ఉంది. పోను గంట, రాను గంట. మా ఆవిడ ఆ దారిలో ఇండియన్ స్టోర్ ఉందని లిస్టు రాసి ఇచ్చింది.