జిమ్‌లో చేరి ఏడాది నిండకుండానే కాంటెస్ట్ ప్యాకేజీ కొనకండి

"పదహారు వారాలు నా మాట విను, స్టేజ్ ఎక్కిస్తాను, మెడల్ తెప్పిస్తాను" అంటూ కొత్త కుర్రాళ్లకు బాడీబిల్డింగ్ పోటీ ప్యాకేజీలు అమ్మే కోచ్‌లు హైదరాబాద్‌లో బాగా పెరిగిపోయారు. మా తమ్ముడు అలాంటి ప్యాకేజీ ఒకటి కొన్నాడు. డబ్బు పోయింది, నెలల తరబడి కూడగట్టుకున్న కండ పోయింది, చివరికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కోచ్ పేరు, జిమ్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇవే మాటలతో ఇదే సరుకు అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. డబ్బు కట్టబోతున్నవారు, వాళ్ల ఇంట్లోవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

బాడీబిల్డింగ్ పోటీలంటే నాకు చిన్నచూపు లేదు. నేనూ చాలా ఏళ్లుగా బరువులు ఎత్తుతున్నాను. 1952లో మిస్టర్ యూనివర్స్ గెలిచిన మనోహర్ ఐచ్, 1988లో గెలిచిన ప్రేమ్‌చంద్ డేగ్రా నాకు ఇష్టమైన మనుషులు. ఐచ్ ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. గెలిచేనాటికి ఆయన వయసు నలభైకి దగ్గర పడింది. కండ అనేది ఏళ్ల మీద వచ్చేది. ఆ ఏళ్లు గడవకముందే వేదిక అమ్మేస్తున్నారన్నదే నా బాధ.

అప్పటికి మా తమ్ముడు జిమ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, బరువు 78 కిలోలు. చొక్కా భుజాల దగ్గర బిగుతుగా పట్టడం మొదలైంది, ముఖంలో వెలుగు వచ్చింది. సరిగ్గా ఆ సమయంలో కోచ్ వాడిని అద్దం ముందు నిలబెట్టి, "తమ్ముడూ, నీ జెనెటిక్స్ చాలా బాగున్నాయి, ఇలాంటి ఫ్రేమ్ నాకు వందమందిలో ఒకరికి కనిపిస్తుంది" అన్నాడట. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ నెలలో అదే అద్దం ముందు మరో ఐదుగురు కుర్రాళ్లకు అదే మాట చెప్పాడు. ఆ ఐదుగురూ డబ్బు కట్టారు.

ప్యాకేజీ రూ.45,000. అందులో డైట్ చార్టు, వ్యాయామ ప్రణాళిక, పోజింగ్ (వేదిక మీద కండ బిగించి చూపించడం) శిక్షణ, పోటీ రోజు పక్కన ఉండడం అన్నీ కలిపి ఉన్నాయన్నాడు. సప్లిమెంట్లు మాత్రం అతని దగ్గరే కొనాలట, వాటికి మరో ముప్పై వేల పైచిలుకు. ఎంట్రీ ఫీజు, వేదిక మీద వేసుకునే పొట్టి నిక్కరు (పోజింగ్ ట్రంక్స్), ఒంటికి పూసే ముదురు రంగు (టాన్) వేరే. మొత్తం మీద తొంభై వేలకు దగ్గరగా తేలింది. డబ్బంతా అతని సొంత నంబరుకు యూపీఐ ద్వారా వెళ్లింది. రసీదు అడిగితే "మన మధ్య రసీదులేమిటి తమ్ముడూ" అన్నాడు. ఆ మాట వినబడిన చోటే ఆగిపోండి.

డైట్ చార్టు విషయం. మా తమ్ముడి చార్టు, వాడితో పాటు చేరిన మరో కుర్రాడి చార్టు పక్కపక్కన పెట్టి చూశాను. అక్షరం తేడా లేదు. ఆ కుర్రాడు వీడికన్నా ఇరవై కిలోలు ఎక్కువ. ఇద్దరికీ అవే గుడ్డు తెల్లసొనలు, అదే చికెన్, అదే చిలగడదుంప, అవే గ్రాములు. పోటీకి సిద్ధమయ్యేవారు కండ నిలబెట్టుకోవాలంటే వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గడం మేలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. 78 కిలోల మనిషికి అది వారానికి సుమారు 400 నుంచి 800 గ్రాములు. వీడు పదహారు వారాల్లో 62 కిలోలకు వచ్చాడు, అంటే వారానికి కిలో. పోయిన పదహారు కిలోల్లో కొవ్వెంత, కండెంత అని ఎవరూ కొలవలేదు. బల్ల మీద పడుకుని బరువెత్తే బెంచ్ ప్రెస్‌లో 70 కిలోలు ఎత్తేవాడు ఆఖరికి 45 దగ్గరే వణికిపోయేవాడు. "అది మామూలే, స్టేజ్ మీద బెంచ్ చేయవు కదా" అన్నది కోచ్ సమాధానం.

కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి ఒకటి రెండేళ్లలో కండ పెరిగినంత వేగంగా తర్వాత ఏ ఏడూ పెరగదు. సరిపడా తిని, నిద్రపోయి, నెల నెలా బరువులు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాల్సిన కాలం అది. ఆ కాలంలో పిల్లవాడి చేత తిండి మాన్పించి, రోజుకు రెండు పూటలా పరుగు, సైకిల్ లాంటి కార్డియో చేయించడం వాడికి చేయగలిగిన పెద్ద నష్టం. డైట్ కండను పుట్టించదు, ఉన్న కండను బయటపెడుతుంది. గోడే లేనప్పుడు సున్నం దేనికి వేస్తారు?

పూర్తిగా తయారైన పోటీదారుల శరీరానికే ఈ తయారీ ఎంత భారమో తెలియాలంటే 2013లో వచ్చిన ఒక పరిశోధన చూడండి. మందులేవీ వాడని, ఎంతో అనుభవమున్న ఒక బాడీబిల్డర్‌ను పోటీకి ఆరు నెలల ముందు నుంచి పోటీ తర్వాత ఆరు నెలల దాకా గమనించారు. విశ్రాంతిలో అతని గుండె వేగం నిమిషానికి 53 నుంచి 27కు పడిపోయింది. పురుష హార్మోను టెస్టోస్టెరాన్ నాలుగో వంతుకు దిగిపోయింది. పోటీ అయిన ఆరు నెలలకు కూడా బలం పూర్తిగా తిరిగి రాలేదు. పరిశోధకుల పర్యవేక్షణలో, పద్ధతి ప్రకారం చేసినవాడి సంగతి ఇది. వాట్సాప్‌లో వచ్చే ఆదేశాల మీద నడిచే ఎనిమిది నెలల కుర్రాడి సంగతి ఊహించుకోండి. పన్నెండో వారం నుంచి మా తమ్ముడికి రాత్రుళ్లు నిద్ర లేదు, పగలు మాట లేదు. అమ్మ అన్నం పెట్టుకుని పక్కన కూర్చుంటే లేచి వేరే గదిలోకి వెళ్లిపోయేవాడు.

ఆఖరి వారం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే. పోటీకి రెండు రోజుల ముందు ఉప్పు పూర్తిగా మానేయమన్నాడు, నీళ్లు గుక్కల లెక్కన తాగమన్నాడు. ఒక కాగితం పొట్లం ఇచ్చి, రాత్రి రెండు, ఉదయం రెండు వేసుకోమన్నాడు. అందులో నాలుగు తెల్లని మాత్రలు. పేరు, కంపెనీ, తేదీ ఏవీ కనబడకుండా స్ట్రిప్‌లోంచి తీసి పొట్లం కట్టాడు. అవేమిటో మాకు తెలియదు, అడిగితే "నీళ్ల మాత్రలు, అందరూ వేసుకుంటారు" అన్నాడు. పోటీ అయిన రాత్రి కాళ్లు కొంకర్లు పోయి, గుండె దడదడలాడుతూ వాడు కూర్చోలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టర్ మొదట అడిగింది "ఏ మందు వేసుకున్నాడు?" అని. మా దగ్గర జవాబు లేదు. కోచ్ ఫోను ఎత్తలేదు. రక్తపరీక్షలో పొటాషియం బాగా తక్కువగా ఉందని తేలింది. మర్నాడు కోచ్ తీరిగ్గా పంపిన సందేశంలో ఉన్న పేరు ఫ్యూరోసెమైడ్.

మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఈ మందు గుండె, కిడ్నీ రోగులకు డాక్టర్లు రాసేది. నీళ్లతో పాటు పొటాషియం, సోడియం కూడా శరీరంలోంచి పోతాయి. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. 1992లో నెదర్లాండ్స్‌లో ఒక పోటీ ముగిసిన కొద్ది గంటలకే మొహమ్మద్ బెనజీజా చనిపోయాడు. నీరు హరించుకుపోవడం వల్ల గుండె ఆగింది. 1996లో ఆండ్రియాస్ ముంజర్ 31 ఏళ్లకే అవయవాలు ఒకదాని వెంట ఒకటి దెబ్బతిని కన్నుమూశాడు. వాళ్లిద్దరూ ప్రపంచ స్థాయి వృత్తి బాడీబిల్డర్లు. కండలో దాదాపు మూడొంతులు నీరే కాబట్టి, నీళ్లు మానేస్తే కండ కూడా చప్పబడిపోతుంది. అంతటి ప్రమాదానికి ఒడిగట్టినందుకు అందం కూడా దక్కదు.

నీళ్ల మాత్రలతోనే ఆగని కోచ్‌లూ ఉన్నారు. కొవ్వు కరుగుతుందని ఆస్తమాకు వాడే క్లెన్‌బ్యుటెరాల్, థైరాయిడ్ హార్మోను మాత్రలు, ఊపు కోసం మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు అంటగడతారు. ఈ మెఫెంటెర్మిన్ ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చినప్పుడు పడిపోయిన రక్తపోటును పైకి లేపడానికి వాడేది. జిమ్ కుర్రాళ్లకు దీన్ని దొంగచాటుగా అమ్ముతున్నవారిని హైదరాబాద్‌లో పోలీసులు పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. పేరు లేని మాత్ర, లేబుల్ లేని సీసా ఎవరిచ్చినా నోట్లో వేసుకోకండి, ఒంట్లోకి ఎక్కించుకోకండి. అమ్మినవాడు ఎంత ఆత్మీయంగా "తమ్ముడూ" అని పిలిచినా సరే.

ఇక పోటీ రోజు. పక్కనే ఉంటానన్న కోచ్ ఆ రోజు రాలేదు. మరో ఊళ్లో ఇంకో పోటీకి వేరే కుర్రాళ్లను తీసుకెళ్లాడని అక్కడే తెలిసింది. తెర వెనక వాడికి టాన్ పూసింది నేనే. చెమట పట్టిన చోటల్లా అది చారలు చారలుగా జారింది. నడుముకు నంబరు బిళ్ల పెట్టుకుని 65 కిలోల విభాగం వరుసలో నిలబడ్డప్పుడు నాకు అసలు విషయం కళ్లకు కట్టింది. పక్కన ఉన్నవాళ్లు ఐదడుగుల మూడు, నాలుగు అంగుళాల మనుషులు, అవే 65 కిలోలు. పొట్టి ఎముకల మీద అంత బరువుంటే తొడలు, వీపు నిండుగా పొంగి కనిపిస్తాయి. వీడు వాళ్లకన్నా నాలుగైదు అంగుళాలు పొడవు, మూడు కిలోలు తక్కువ. సన్నగా, అలసిపోయిన మనిషిలా కనిపించాడు. ఎత్తును బట్టి విభాగాలుండే మెన్స్ ఫిజిక్ అనేది ఒకటుంది. అందులోనూ వాడు గెలిచేవాడు కాదు గానీ, కనీసం తన ఎత్తువాళ్ల పక్కన నిలబడేవాడు. నలభై అయిదు వేలు తీసుకున్నవాడు ఆ ఒక్క ఆలోచన కూడా చేయలేదు.

పోజింగ్ శిక్షణ అన్నది మొత్తం మీద రెండు సార్లు, అదీ పావుగంట చొప్పున జరిగింది. ఏడు తప్పనిసరి పోజులుంటాయి. ఒక్కోదాంట్లో కాళ్ల వేళ్ల నుంచి మెడ దాకా బిగించి, ముఖం మాత్రం ప్రశాంతంగా పెట్టి, జడ్జి చాలనేదాకా నిలబడాలి. చూసేవాళ్లకు తేలిగ్గా కనిపిస్తుంది. రోజూ సాధన లేనివాళ్లకు అర నిమిషంలో ఒళ్లు వణుకుతుంది. పొట్ట, తొడ చూపించే పోజులో మా వాడి తొడ పట్టేసింది. పక్కవాడు, వీడి ప్రత్యర్థే, చెయ్యి అందించి నిలబెట్టాడు. ఆ అబ్బాయికి నేను రుణపడి ఉంటాను. పోల్చి చూసే రౌండుకు వీడిని పిలవలేదు.

అదే పోటీలో కోచ్ పంపిన మరో కుర్రాడికి కాంస్యం వచ్చింది. ఆ విభాగంలో దిగినవాళ్లే ముగ్గురు. వారం తిరగకుండా ఆ మెడల్ ఫొటో జిమ్ గోడ మీద, కోచ్ ప్రకటనల్లో కనిపించింది. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో అక్కడే అర్థమవుతుంది. మీ పిల్లవాడు గెలిచినా ఓడినా అతనికి నష్టం లేదు. గెలిస్తే ప్రకటన, ఓడితే "డైట్ సరిగా పాటించలేదు" అనే నింద. మాకు వచ్చిన జవాబూ అదే. పోటీ తర్వాత మామూలు తిండికి ఎలా రావాలో చెప్పే చార్టు ప్యాకేజీలో ఉందన్నాడు, ఇవ్వలేదు. వాడు ఆకలికి ఆగలేక తిన్నాడు. చూస్తుండగానే పన్నెండు కిలోలు పెరిగి, కాళ్లకు నీరు పట్టి, అద్దంలో చూసుకోవడమే మానేశాడు. జిమ్ పేరెత్తితే ఇప్పటికీ తల తిప్పుకుంటాడు. ఇష్టంగా మొదలుపెట్టిన వ్యాయామాన్నే పిల్లవాడికి దూరం చేశారు. నాకు డబ్బుకన్నా ఇదే ఎక్కువ బాధ.

మరి ఎప్పుడు దిగాలి అంటే నా అభిప్రాయం చెబుతాను. క్రమం తప్పకుండా మూడు నాలుగేళ్లు బరువులు ఎత్తి, కాళ్లు, వీపు కూడా ఛాతీతో సమానంగా పెరిగాక ఆలోచించండి. అంతకన్నా ముందు పోటీ లేకుండానే ఒకసారి నిదానంగా కొవ్వు తగ్గించి చూసుకోండి, కింద ఏముందో మీకే తెలుస్తుంది. టికెట్ కొనుక్కుని ఒక పోటీకి ప్రేక్షకుడిగా వెళ్లండి, మీ ఎత్తు, మీ బరువు ఉన్నవాళ్లు వేదిక మీద ఎలా ఉన్నారో చూడండి. కోచ్‌ను ఎంచుకునేటప్పుడు గెలిచినవాళ్ల ఫొటోలు చూసి మురిసిపోకండి, ఓడినవాళ్ల నంబర్లు అడిగి మాట్లాడండి. "నువ్వింకా సిద్ధంగా లేవు" అని ఎప్పుడైనా ఎవరినైనా వెనక్కి పంపాడా అని అడగండి. పంపినవాడు దొరికితే వదులుకోకండి. పోటీ నడిపే సంఘం ఏదో, దానికి గుర్తింపు ఉందో లేదో కూడా చూడాలి. వినడానికి ఒకేలా ఉండే టైటిళ్లతో వేర్వేరు సంఘాలు పోటీలు పెడుతున్నాయి. సప్లిమెంటు డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు లేకపోతే ఆ డబ్బా మీకొద్దు.

ఇప్పటికే డబ్బు కట్టి ఇరుక్కున్నవారు మాత్రం ఆలస్యం చేయకండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే దరఖాస్తు రుసుము ఉండదు, రెండేళ్ల గడువుంటుంది. రసీదు లేదని వెనకాడకండి. యూపీఐ చెల్లింపుల వివరాలు, వాట్సాప్ సందేశాలు, డైట్ చార్టులు, ఆసుపత్రి కాగితాలు అన్నీ తేదీల వారీగా దాచండి. కోచ్ తన సందేశాలు తుడిచేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మా దగ్గర ఆ మందు పేరు పంపిన సందేశం మిగిలింది అలాగే. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియనివారు నాకు సందేశం పెడితే మేము రాసిన దాని నమూనా పంపిస్తాను.