ఏడాదంతా ఒకే సెట్టా, చలికాలానికి వేరే సెట్టా?

ఆల్ సీజన్ టైర్లా, వింటర్ టైర్లా అని తేల్చుకోలేనివారు చాలామంది మూడో రకమైన సమ్మర్ టైరును లెక్కలోకి తీసుకోరు. పెర్ఫార్మెన్స్ కార్లలో ఎక్కువ భాగం సమ్మర్ టైర్లతోనే ఫ్యాక్టరీ గేటు దాటుతాయి. స్టీరింగు, సస్పెన్షను, బ్రేకులు అన్నీ ఆ టైర్లు రోడ్డును పట్టుకునే పట్టును నమ్ముకునే కుదిర్చి ఉంటారు. ఆల్ సీజన్ ఎంచుకుంటే ఆ పట్టులో కొంత పన్నెండు నెలలూ వదులుకుంటాము. వింటర్ సెట్టు వేరుగా ఉంచుకుంటే చలి ఉన్న నాలుగైదు నెలలే వదులుకుంటాము. నేను రెండో దారి వైపే మొగ్గుతాను, అయితే అందరికీ కాదు.

అసలు తేడా రబ్బరులో ఉంది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గేసరికి సమ్మర్ టైరు బిగుసుకుపోవడం మొదలవుతుంది. గడ్డకట్టే చలిలో కొన్ని రకాల టైర్ల ట్రెడ్డు, అంటే రోడ్డును తాకే పైపొర, పగలవచ్చని, అప్పుడు కారును కదిలించవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. వింటర్ టైరు అదే చలిలో మెత్తగా ఉంటుంది. చల్లని ఉదయం ట్రెడ్డు మీద బొటనవేలి గోరు నొక్కి చూడండి, వింటర్ టైరు లొంగుతుంది, సమ్మర్ టైరు చెక్కలా ఎదురు తిరుగుతుంది. దగ్గరగా చూస్తే వింటర్ టైరు ట్రెడ్డులోని ఒక్కొక్క దిమ్మె మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి వంకర గీతలు కనిపిస్తాయి. దిమ్మె వంగినప్పుడు అవి విచ్చుకుని మంచును కరిచి పట్టుకుంటాయి. వెడల్పాటి గాడుల్లో మంచు కూరుకుపోవడం కూడా మేలే. మంచుకు మంచు అంటుకుంటుంది కదా, చేత్తో ఉండ చేసినవారికి తెలుసు.

అయితే ఆ మెత్తదనానికీ ఆ గీతలకూ మూల్యం ఉంది. పొడి రోడ్డు మీద స్టీరింగు తిప్పాక దిమ్మెలు ముందు కదిలి, ఆ తర్వాత కారు తిరుగుతుంది. క్షణంలో చిన్న భాగమే, కానీ పదునైన కారుకు అలవాటుపడ్డ చేతికి అది తెలిసిపోతుంది. ఎండలు ముదిరాక ఇంకా వింటర్ టైర్ల మీదే తిరిగితే బ్రేకు దూరం పెరుగుతుంది, రబ్బరు త్వరగా అరిగిపోతుంది. పెర్ఫార్మెన్స్ కార్ల కోసమే చేసిన వింటర్ టైర్లలో ఈ లోపం కొంత తక్కువ. దానికి బదులు దట్టమైన మంచులో పట్టు కాస్త తగ్గుతుంది.

ఆల్ సీజన్ టైర్లను రెంటికీ చెడ్డ రేవడి అని వెక్కిరించడం పాత అలవాటు. ఇప్పుడు అది అన్యాయం. పెర్ఫార్మెన్స్ కార్లకు చేసిన మంచి ఆల్ సీజన్ టైరు చలిలో పొడి రోడ్డు మీదా, వానలోనూ నిబ్బరంగా నడుస్తుంది. పలుచటి మంచును కూడా దాటిస్తుంది. మంచు అణిగి గట్టిపడ్డ వాలులో కిందికి దిగుతూ ఆగవలసి వచ్చినప్పుడే దాని హద్దు బయటపడుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే కారు ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అది బయలుదేరడానికి సాయం చేస్తుంది. ఆపవలసింది టైర్లే.

కొనేటప్పుడు టైరు పక్క గోడ మీది గుర్తులు చూడాలి. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు ట్రెడ్డు నమూనాను బట్టి తయారీదారు చెప్పుకునే మాట. మూడు శిఖరాల కొండలో మంచు రేకు ఉన్న బొమ్మ అణిగిన మంచు మీద పరీక్షలో నెగ్గితేనే వస్తుంది. ఆ పరీక్ష మలుపుల్లో పట్టును గానీ, నీరు గడ్డకట్టిన రోడ్డు మీద పట్టును గానీ చూడదు. అందుకే ఆ బొమ్మ ఉన్న ఆల్ సీజన్ టైరు వింటర్ టైరుకు సాటి అనుకోవడం తొందరపాటు.

వింటర్ సెట్టుకు వేరే రిమ్ములు తీసుకోవడం మంచిది. ఏటా రెండుసార్లు రిమ్ముల నుంచి టైర్లు విప్పి ఎక్కించే తంటా తప్పుతుంది, రిమ్ము ఒక అంగుళం తగ్గించుకునే వీలూ దొరుకుతుంది. ఉదాహరణకు 245/40 ఆర్ 18 బదులు 225/50 ఆర్ 17 (మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతం, చివరిది అంగుళాల్లో రిమ్ము) వేస్తే చక్రం మొత్తం వ్యాసం 653 మిల్లీమీటర్ల నుంచి 657కు మాత్రమే మారుతుంది. సన్నటి టైరు మంచును చీల్చుకుంటూ పోతుంది, ఎత్తైన పక్క గోడ గుంతల దెబ్బను ఓర్చుకుంటుంది. పెద్ద బ్రేకులున్న కారులో చిన్న రిమ్ము బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపరుకు తగలవచ్చు కనుక ముందే సరిచూసుకోవాలి. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే సూచిక తగ్గకూడదు. వింటర్ టైరు మీద హెచ్ అని ఉంటే గంటకు 210, వి అని ఉంటే 240 కిలోమీటర్లు హద్దు. కారు అంతకన్నా వేగంగా పోగలిగినా ఆ నెలల్లో టైరు మాటే చెల్లుతుంది.

ఖర్చు రెట్టింపు అన్న భయం సగమే నిజం. ఒక సెట్టు నడుస్తుంటే రెండోది అరగదు, కాబట్టి అదనంగా పడేది ప్రధానంగా రిమ్ముల ఖర్చు, దాచే చోటు. మంచు కోసం కొన్న టైరును చాలా దేశాల్లో చట్టం చెప్పే 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్డు లోతు దాకా లాగకూడదన్నదీ లెక్కలో వేసుకోవాలి. ట్రెడ్డు 4 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మంచులో దాని పని అయిపోయినట్టే.

మంచు ఏడాదికి రెండు మూడు రోజులే పడి, ఆ రోజుల్లో కారు తీయకుండా ఉండగలిగితే ఆల్ సీజన్ చాలు. తెల్లవారేసరికి రోడ్డు తెల్లగా ఉన్నా బయలుదేరక తప్పనివారు వింటర్ సెట్టు తీసుకోవాలి. ఏది తీసుకున్నా నాలుగూ ఒకే రకం ఉండాలి. ముందు రెండు వింటర్, వెనక రెండు వేరే రకం వేస్తే మలుపులో ముందు చక్రాలు పట్టుకుంటాయి, వెనక భాగం జారి కారు గిర్రున తిరుగుతుంది.