ఆటలతో లెక్కలు నేర్పే యాప్ కొంటున్నారా? ఓటీపీ చెప్పేముందు ఇది చదవండి

నిన్న విశాఖ సీతమ్మధారలో మా అక్క వాళ్ల అపార్ట్‌మెంటుకు కూడా మాకు యాప్ అమ్మినట్టే అదే ట్యాబ్, అవే మాటలతో వచ్చారట. అందుకే రాస్తున్నాను.

జూన్‌లో బడులు తెరిచిన వారానికే మా ఎంవీపీ కాలనీ ఇంటికి ఒకాయన వచ్చారు. వీడియో గేమ్‌తో గణితం నేర్పే యాప్ అన్నారు. పదో తరగతి చదివే మావాడు ట్యాబ్ అందుకుని నలభై నిమిషాలు తల ఎత్తలేదు. "చూశారా మేడమ్, పుస్తకం ఇస్తే ఇలా కూర్చుంటాడా?" అన్నారు. అక్కడే పడిపోయాను. ఏడాదికి 18,000 రూపాయలు, నెలకు 1,500 చొప్పున వాయిదాలు, నచ్చకపోతే పదిహేను రోజుల్లో వాపసు. ఓటీపీ చదివి చెప్పింది నేనే.

ఆగస్టులో ఒక రాత్రి వాడి పక్కన కూర్చుని చూశాను. డ్రాగన్ ఎదురొస్తుంది, ప్రశ్న పడుతుంది, కింద నాలుగు జవాబులు. మావాడు ప్రశ్న చదవడమే లేదు! పైనుంచి కిందికి వరసగా నొక్కుకుంటూ పోతున్నాడు. తప్పయితే ఎందుకు తప్పో చెప్పదు, మళ్లీ నొక్కమంటుంది. మూడోసారి తగిలినా నాణేలు రాలుతాయి, వాటితో కత్తులూ కిరీటాలూ. కొన్ని లెక్కలైతే పౌండ్లలో, అంగుళాల్లో ఉన్నాయి. నాలుగు వేల నాణేలు కూడబెట్టిన ఆ వీరుడు కాగితం మీద చిన్న వర్గ సమీకరణం ఇస్తే కారణాంకాలు విడదీయలేక పెన్ను నమిలాడు.

మానేద్దామంటే యాప్‌లో రద్దు చేసే దారే కనబడలేదు. ఫోన్ చేస్తే గడువు దాటిందన్నారు. అసలు దెబ్బ ఆ తర్వాత తెలిసింది. నేను కడుతున్నవి చందా వాయిదాలు కావు, ఒక ఫైనాన్స్ సంస్థ నా పేరు మీద ఇచ్చిన అప్పు. యాప్ వాడినా మానినా కట్టాల్సిందే. ఇలాంటి చందాలకు ఆటో డెబిట్ పెట్టవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. చందా రద్దు చేసుకోనివ్వకుండా తిప్పడాన్ని వినియోగదారుల రక్షణ కోసం కేంద్రం 2023లో తెచ్చిన మార్గదర్శకాలు తప్పుడు వ్యాపార పద్ధతిగా పేర్కొన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, జవాబు కోసం చూస్తున్నాను.

ఎవరైనా మీ ఇంటికి వస్తే పిల్లవాడి ముఖం చూడకండి, ట్యాబ్ మీరు తీసుకుని కావాలని తప్పు జవాబు నొక్కండి. తర్వాత ఏం జరుగుతుందో చూస్తే సరుకేమిటో తెలిసిపోతుంది. వాయిదా అంటే అప్పు ఎవరిస్తున్నారో కాగితం మీద అడగండి.

ఆటల మీద నాకు కోపం లేదు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ (PhET) ప్రయోగాలు, అంటే తెర మీద ఆడుతూ చేసే సైన్స్, లెక్కల ప్రయోగాలు, పూర్తిగా ఉచితం, బ్రౌజరులోనే నడుస్తాయి. మొన్న ఆదివారం మావాడు అందులో బ్యాటరీకి తీగలు అడ్డదిడ్డంగా కలిపాడు, తెర మీద బ్యాటరీ భగ్గుమంది. నాణేలు ఒక్కటీ రాలేదు. "అమ్మా, నిరోధం పెడితే ఆరిపోతుందా?" అని వాడే అడిగాడు.