నోరెండితే ఉసిరికాయా, చూయింగ్ గమ్మా?

కోతల రోజుల్లో మా కోనసీమ చేలగట్ల మీద మధ్యాహ్నానికి నాలుక అంగిటికి అంటుకుపోతుంది. నా చెయ్యి ఉప్పులో ఊరిన ఉసిరికాయ మీదికి పోతుంది. మా మనవడు మాత్రం చక్కెర లేని చూయింగ్ గమ్ తీస్తాడు.

రెండూ చేసేది ఒకటే, లాలాజలం జోరు పెంచడం. ఊరకే ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 0.3 మిల్లీలీటర్లే ఊరుతుంది. పంటబోదెలో నీరు మెల్లగా పారితే మట్టి తాగేసినట్టు, లాలాజల నాళం గోడలు దారిలోనే సోడియం, క్లోరైడ్ పీల్చేసుకుంటాయి. జోరుగా పారితే అంత వ్యవధి ఉండదు, అవి నోటిదాకా వచ్చేస్తాయి. పొటాషియం పెద్దగా మారదు. అసలు లాభం బైకార్బనేట్‌ది. జోరుతో పాటు అదీ పెరిగి నోట్లో ఆమ్లాన్ని విరుస్తుంది.

ఖర్చు: ఉసిరి పెరట్లోదే. గమ్ కొనాలి.
జోరు: పులుపుదే పైచేయి. కాయ కొరకగానే నాలుక కింద చివ్వున చిమ్ముతుంది.
శ్రమ: ఉసిరి బుగ్గన పెట్టుకుంటే చాలు. గమ్ నములుతూనే ఉండాలి, దవడ లాగేస్తుంది.
రిస్క్: నోట్లో పీహెచ్ (ఆమ్లం కొలత, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే దిగితే పంటి గట్టి పైపొర, ఎనామెల్, కరగడం మొదలవుతుంది. ఊరిన బైకార్బనేట్‌ను ఉసిరి పులుపే కొంత తినేస్తుంది. బీపీ ఉంటే ఉప్పు గొడవ వేరే. గమ్ అతిగా నమిలితే విరేచనాలవుతాయి, అంతే.

గట్టు మీద ఎప్పుడో ఒకసారి ఎండితే ఉసిరి. పళ్లు జివ్వుమనేవాళ్లకి, అన్నం తిన్నాక రోజూ కావాలంటే గమ్. మందుల వల్ల రోజంతా ఎండుతుంటే ముందు డాక్టరుకి చెప్పండి.