మాజీ ప్రేయసిని తెరపై చూపాలా, గొంతుతో సరిపెట్టాలా?

విడిపోయిన అమ్మాయిని మరచిపోలేని కుర్రాడి కథను తక్కువ డబ్బుతో హాస్యచిత్రంగా తీయబోయేవారికి స్క్రిప్టు దశలోనే ఎదురయ్యే సందేహమిది.

ఖర్చు: ఆమెను చూపిస్తే మరో నటి కాల్షీట్లు, గతానికి వేరే దుస్తులు, వేరే లొకేషన్లు, హీరో గడ్డం కంటిన్యుటీ (ఒక్కో కాలానికి గడ్డం ఒకేలా ఉండేలా చూసుకోవడం) అన్నీ తోడవుతాయి. గొంతు మాత్రమే అయితే ఒక పూట డబ్బింగుతో సరి.

శ్రమ: చూపని పద్ధతిలో భారమంతా రచయితదే. గ్లాసులో మిగిలిపోయిన రెండో టూత్‌బ్రష్‌ను హీరో చెత్తబుట్టలో పడేసి, అర్ధరాత్రి లేచి, దాన్ని కడిగి మళ్లీ అదే గ్లాసులో పెట్టడం వంటి సన్నివేశాలు దొరకాలి. దొరికితే ఫ్లాష్‌బ్యాక్ అక్కరలేదు. సుమారు 2 లక్షల డాలర్లతో తీసిన అమెరికన్ హాస్యచిత్రం ‘స్వింగర్స్’ (1996)లో మాజీ ప్రేయసి ఫోన్‌లోనే పలుకుతుంది, అయినా లోటు తెలియదు.

రిస్కు: కనిపించని అమ్మాయి కోసం హీరో ఏడుపు సాగదీస్తే జాలి పోయి విసుగు పుడుతుంది. చూపిస్తే అంతకన్నా పెద్ద చిక్కు, నాలుగు సన్నివేశాల్లో ఆమెను దుర్మార్గురాలిగా తేల్చేయాలన్న ఆశ. నా దృష్టిలో ఇలాంటి సినిమాలు చెడేది అక్కడే.

ముఖ్య నటుడు ఒంటరిగా ఫోన్ పట్టుకొని మూడు నిమిషాలు నవ్వించగలిగితే చూపకపోవడమే మేలు. తప్పు హీరోదేనని అతడికంటే ముందే ప్రేక్షకుడికి తెలియాలనుకుంటే మాత్రం, ఒక్క రోజు షూటింగుకైనా సరే, ఆమె తెరమీదకు రావలసిందే.