మురుగునీటి శుద్ధికి డబ్బు: గ్రాంటా, అప్పా, హ్యామా?

నీళ్ల పథకాల డబ్బు గురించి ఎప్పుడు రాసినా పాఠకులు తిప్పి తిప్పి అడిగేది ఒకటే. కేంద్రం గ్రాంటు ఇస్తుంటే రాష్ట్రాలు అప్పుల జోలికి ఎందుకు పోతాయి? ఉచితంగా వచ్చే డబ్బు కంటే మేలైనది ఇంకేముంటుంది?

వడ్డీ లెక్క మాత్రమే చూస్తే ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. గ్రాంటుకు వడ్డీ లేదు, తిరిగి కట్టక్కర్లేదు, గెలుపు దానిదే. కానీ నేను ఏ పథకాన్నైనా ముందు ఒక చిన్న ప్రశ్న అడుగుతాను: ప్రారంభోత్సవం అయిపోయాక ఆరో ఏడాది కరెంటు బిల్లు ఎవరు కడతారు? డీపీఆర్‌లో, అంటే పథకం పూర్తి వివరాల నివేదికలో, కట్టడానికి అయ్యే ఖర్చు రూపాయి పైసలతో సహా ఉంటుంది. నడిపే ఖర్చు దగ్గరికి వచ్చేసరికి ‘స్థానిక సంస్థ భరిస్తుంది’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ స్థానిక సంస్థ ఖాతాలో ఏముందో రాసినవారికీ తెలుసు, సంతకం పెట్టినవారికీ తెలుసు. అందుకే గ్రాంటు, అప్పులతో పాటు హ్యామ్ అనే మూడో దారినీ చూద్దాం. అందులో ప్రైవేటు సంస్థ తన డబ్బు కూడా పెట్టి ప్లాంటు కడుతుంది, ప్రభుత్వం దాన్ని వాయిదాల్లో తీరుస్తుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క చూడండి. దేశంలోని పట్టణాల్లో 72,368 ఎంఎల్‌డీల మురుగునీరు పుడుతోంది. ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీలు. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 ఎంఎల్‌డీలే. మొదటి రెండు అంకెల మధ్య తేడా ప్లాంట్లు కట్టకపోవడం వల్ల వచ్చింది. చివరి రెండింటి మధ్య తేడా అలాంటిది కాదు. అక్కడ కట్టడానికి డబ్బు దొరికింది, కట్టేశారు. కట్టినదాంట్లో మూడో వంతుకు పైగా పనికి రావడం లేదు. నన్ను కలవరపెట్టేది ఈ రెండో తేడానే.

ఇక గ్రాంటు సంగతి. పట్టణాల నీరు, మురుగునీటి పనులకు 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర పథకం అమృత్ 2.0లో పది లక్షల జనాభా దాటిన నగరాలకు కేంద్రం ఇచ్చేది ప్రాజెక్టు ఖర్చులో పావు వంతు. లక్ష నుంచి పది లక్షల లోపు పట్టణాలకు మూడో వంతు, లక్ష లోపు వాటికి సగం. మిగతాది రాష్ట్రం, మున్సిపాలిటీ చూసుకోవాలి. అంటే ‘ఉచితం’ అనుకునే పథకంలో కూడా పెద్ద నగరాల మీద ముప్పావు భారం అలాగే ఉంది. రాష్ట్ర వాటా ఆలస్యమైతే తర్వాతి కిస్తీ ఆగుతుంది, కిస్తీ ఆగితే కాంట్రాక్టరు పని ఆపుతాడు, ఆపిన పని మళ్లీ మొదలయ్యేసరికి అంచనాలు పెరుగుతాయి. ఈ గొలుసు మనకు కొత్తేం కాదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 2015 నాటి మొదటి అమృత్ నిబంధనల్లోనే నిర్వహణ ఖర్చును ప్రాజెక్టు ఖర్చు కింద లెక్కించబోమని, దాన్ని వినియోగ చార్జీల లాంటి మార్గాల్లో రాబట్టుకోవాలని చెప్పారు. మాటగా చూస్తే తప్పు లేదు. కానీ నల్లా బిల్లు పెంచడానికే వణికే మున్సిపాలిటీ మురుగునీటికి బిల్లు వేస్తుందా? నీళ్లు రాకపోతే జనం బిందెలతో రోడ్డెక్కుతారు. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఆగిపోతే ఎవరూ రోడ్డెక్కరు, మురుగు మెల్లగా చెరువులోకి పోతుంది. అందుకే ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ముందు ఆగే మోటార్లు ప్లాంటువే.

గ్రామాల తాగునీటికి మాత్రం గ్రాంటే సరైనదని నా నమ్మకం. 2019లో జల్ జీవన్ మిషన్ మొదలైనప్పుడు దేశంలోని గ్రామీణ ఇళ్లలో 17 శాతానికే కుళాయి ఉంది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలను పక్కన పెడితే మిగతా రాష్ట్రాలతో కేంద్రం సగం సగం పంచుకుంది. పల్లెల చేత అప్పు కట్టించి ఆ పని చేయించడం జరిగేది కాదు.

అప్పు దారిలో పెద్ద ఎత్తున వెళ్లిన రాష్ట్రం తెలంగాణ. మిషన్ భగీరథకు ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టి, రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీతో హడ్కో, నాబార్డు, బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చారు. దీనివల్ల జరిగిన మేలును తక్కువ చేయకూడదు. ఏటా బడ్జెట్‌లో కొంచెం కొంచెం కేటాయిస్తూ పోతే ఇరవై ఏళ్లు పట్టే పని కొన్నేళ్లలో అయింది. కానీ కార్పొరేషన్‌కు ఆ అప్పు తీర్చేంత సొంత రాబడి లేదు, తీర్చేది ఖజానాయే. అలాంటప్పుడు ఇది రాష్ట్రం అప్పు కాక మరేమిటని 2022లో కేంద్రం పట్టుపట్టింది. బడ్జెట్ బయట తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పులన్నిటినీ రాష్ట్ర రుణ పరిమితిలోకి లెక్కించడం మొదలుపెట్టింది. తెలంగాణ గట్టిగానే అభ్యంతరం చెప్పింది. ఎవరి వాదన న్యాయమన్నది వేరే చర్చ, ఆ దారి ఇరుకైపోయిందన్నది మాత్రం నిజం.

విదేశీ బ్యాంకుల అప్పు గురించి రెండు ముక్కలు చాలు. ఆంధ్రప్రదేశ్ చిన్న పట్టణాల నీటి సరఫరాకు ఏఐఐబీ (ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు) 2018లో 40 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. గడువు ఎక్కువ, వడ్డీ తక్కువ. రూపాయి పడిపోతే ఆ నష్టం రాష్ట్రానిదే.

ఇప్పుడు నా మొగ్గు ఎటో చెబుతాను. మురుగునీటి ప్లాంటు వరకూ నా ఓటు హ్యామ్‌కే, అంటే హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతికే. గంగా నది శుద్ధికి కేంద్రం పెట్టిన నమామి గంగే పథకంలో 2017లో వారణాసి, హరిద్వార్ ప్లాంట్లకు దీన్ని మొదట వాడారు. కట్టేటప్పుడు ప్రభుత్వం 40 శాతమే ఇస్తుంది. మిగతా 60 శాతం ప్లాంటు కట్టే ప్రైవేటు సంస్థ పెట్టుకుంటుంది, దాన్ని పదిహేనేళ్ల పాటు వడ్డీతో సహా వాయిదాల్లో రాబట్టుకుంటుంది. ఈ వాయిదాలే యాన్యుటీ. నిర్వహణ ఖర్చు విడిగా అందుతుంది. బయటికి వదిలే నీటి నాణ్యత ఒప్పందం ప్రకారం లేకపోతే చెల్లింపులో కోత పడుతుంది.

ఈ లెక్క కాంట్రాక్టరు బుద్ధినే మారుస్తుంది. మామూలు కాంట్రాక్టులో చివరి బిల్లు పాసైన రోజున అతనికీ ప్లాంటుకూ రుణం తీరిపోతుంది. నాసిరకం పంపు పెడితే మిగిలేది అతని లాభమే. హ్యామ్‌లో అదే పంపు నాలుగో ఏడాది కాలిపోతే మార్చాల్సింది అతనే, అప్పటికి అతని సొంత డబ్బు ఇంకా ప్లాంటులోనే ఇరుక్కుని ఉంటుంది.

అయితే లోపాలు లేవని కాదు. ప్రైవేటు సంస్థ తెచ్చే డబ్బుకు వడ్డీ ప్రభుత్వ వడ్డీ కంటే ఎక్కువ, చివరికి అది మన జేబులోంచే పోతుంది. గంగ ప్లాంట్లకు పదిహేనేళ్ల నిర్వహణతో సహా ఖర్చంతా కేంద్రమే భరించింది కాబట్టి చెల్లింపుల టెన్షన్ లేదు. అదే యాన్యుటీని బిల్లులు పెండింగులో పెట్టే అలవాటున్న రాష్ట్రం కట్టాల్సి వస్తే? ఆ భయాన్ని కూడా కలుపుకునే సంస్థలు బిడ్ వేస్తాయి, రేటు పెరుగుతుంది. ఇంకో సంగతి: ఇళ్ల నుంచి పైపులు వేయకుండా ప్లాంటు కడితే అందులోకి మురుగే రాదు. నేను చూసిన ఒక పట్టణంలో ప్లాంటు కొత్తగా మెరిసిపోతోంది, మురుగు మాత్రం పక్కనున్న నాలాలోనే పారుతోంది. ఆ జబ్బుకు హ్యామ్ దగ్గర మందు లేదు.

దానికి మందు కావాలంటే, అప్పట్లో చెన్నై పక్కన వేరే మున్సిపాలిటీగా ఉండి 2011లో ఆ నగరంలో కలిసిపోయిన ఆలందూరు వైపు చూడాలి. అక్కడ డ్రైనేజీ పథకానికి ఒక్కో ఇంటి నుంచి 5,000 రూపాయల డిపాజిట్ ముందే వసూలు చేశారు. మిగతాది తమిళనాడు పట్టణాభివృద్ధి నిధి లాంటి చోట్ల నుంచి తెచ్చారు. డబ్బు కట్టిన ఇల్లు కనెక్షన్ వద్దంటుందా? పైగా పని ఎక్కడిదాకా వచ్చిందని వెంటపడుతుంది.

పట్టణాల తాగునీటికైతే నాకు అమెరికా రాష్ట్రాల పద్ధతి నచ్చుతుంది. 1972 నాటి క్లీన్ వాటర్ చట్టం తర్వాత అక్కడా మురుగునీటి ప్లాంట్లకు ఖర్చులో 75 శాతం దాకా ఫెడరల్ గ్రాంటే ఇచ్చేవారు. 1987లో దాన్ని మార్చి ప్రతి రాష్ట్రంలో ఒక రివాల్వింగ్ ఫండ్ పెట్టించారు. ఫెడరల్ డబ్బుకు రాష్ట్రం 20 శాతం కలపాలి. ఆ నిధి నుంచి ఊళ్లకు తక్కువ వడ్డీకి అప్పిస్తారు, తిరిగొచ్చిన డబ్బు ఇంకో ఊరికి వెళుతుంది. 1996లో తాగునీటికీ అలాంటిదే పెట్టారు. మన డ్వాక్రా సంఘాల అంతర్గత అప్పుల్లా అన్నమాట. కట్టే స్తోమత లేని ఊళ్లకు అక్కడా అసలులో కొంత మాఫీ చేస్తారు. మన దగ్గర దీనికి కాస్త దగ్గరగా వచ్చింది మళ్లీ తమిళనాడే: 2002-03లో పదమూడు చిన్న స్థానిక సంస్థలను జట్టు కట్టించి సుమారు 30 కోట్ల బాండ్లు అమ్మింది.

ఒంటరిగా బాండ్లు అమ్మడం పెద్ద నగరాల ఆట. 2018లో జీహెచ్‌ఎంసీ 8.90 శాతం వడ్డీకి 200 కోట్లు తెచ్చింది, విశాఖ 10 శాతానికి 80 కోట్లు తెచ్చింది. చిన్న మున్సిపాలిటీకి అది అందని ద్రాక్ష.

రెండు లక్షల జనాభా ఉన్న పట్టణానికి నన్ను అడిగితే ఇలా పంచుతాను. ఇళ్ల కనెక్షన్లకు, మురుగు పైపులకు అమృత్ గ్రాంటు, దానికి తోడు ఇంటింటి డిపాజిట్. ప్లాంటుకు హ్యామ్. టెండరు పిలిచే ముందే యాన్యుటీకి ఒక ఎస్క్రో ఖాతా, అంటే వేరే పనికి వాడకుండా కట్టడి చేసిన ఖాతా, తెరిచి, ఆర్థిక సంఘం నీటికి, పారిశుద్ధ్యానికి కేటాయించిన గ్రాంటు నేరుగా అందులో పడేలా ప్రభుత్వ ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ ఉత్తర్వు చేతికి రాకపోతే మాత్రం హ్యామ్ ఊసెత్తను. పాత పద్ధతిలోనే చిన్న ప్లాంటు కట్టిస్తాను.