రోమ్‌లో మొదటి రోజు: డబ్బులు పెట్టినవీ, పెట్టక్కర్లేనివీ

ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి రైల్లో రావాలంటే రెండు దారులు. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో టెర్మినీ స్టేషన్‌లో దింపుతుంది. నేను వెళ్లినప్పుడు 14 యూరోలు. ఎఫ్ఎల్1 లోకల్‌కి 8 యూరోలే, కానీ అది టెర్మినీకి పోదు. పెద్ద సూట్‌కేసు, పైగా రాత్రంతా నిద్ర లేదు, పక్కన ఇంకో మనిషి కూడా లేరు. మారు మాట్లాడకుండా 14 పెట్టేశాను. మీ బస ట్రాస్టెవెరె వైపైతే మాత్రం లోకలే నయం, అక్కడ ఆగుతుంది.

నేను దిగింది టెర్మినీ దగ్గర ఒక హాస్టల్లో, ఆడవాళ్ల డార్మ్. మంచం, దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. లాకర్ ఇచ్చారు గానీ తాళం మనదే. సిటీ ట్యాక్స్ బుకింగ్‌లో కలపరు, అక్కడికెళ్లాక రాత్రికింత అని విడిగా కట్టాలి. గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. సామాను ఓ మూల గదిలో పడేయమన్నారు, దానికి తలుపుంది, గడియ లేదు. పాస్‌పోర్టు, డబ్బులు నా దగ్గరే పెట్టుకుని బయటపడ్డాను.

టెర్మినీ నుంచి 40, 64 నంబరు బస్సులు పాత ఊరి మధ్యలోకి వెళ్తాయి. టికెట్ కొనక్కర్లేదు, బ్యాంకు కార్డు బస్సులోని మెషీన్‌కి తాకిస్తే యూరోన్నర పోతుంది, 100 నిమిషాలు చెల్లుతుంది. 64లో జేబుదొంగల బెడద ఎక్కువని పేరు. బ్యాగు ముందుకు తగిలించుకుంటే ఆ టెన్షన్ ఉండదు. లార్గో అర్జెంటీనాలో దిగితే, క్రీ.పూ. 44లో సీజర్‌ని పొడిచిన సభామందిరం ఆనవాళ్లున్న శిథిలాలు రోడ్డు మీంచే కనిపిస్తాయి. ఇప్పుడక్కడ పిల్లులదే రాజ్యం.

అక్కణ్ణుంచి పాంథియాన్ అనే పాత రోమన్ గుడి నడక దూరమే. 2023 జూలై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు. ఇవ్వొచ్చు, సందేహం లేదు. గుమ్మటం వెడల్పూ, నేల నుంచి దాని ఎత్తూ ఒకటే, 43 మీటర్ల పైచిలుకు. లోపల ఇనుప చువ్వ అనేదే లేదు. దాదాపు 1,900 ఏళ్లుగా ఉత్త కాంక్రీటుతో నిలబడి ఉంది. నడినెత్తిన తెరిచిన కన్నం, వానొస్తే నేరుగా లోపలే కురుస్తుంది. నేల మీద చూస్తే నీళ్లు పోవడానికి చిన్న చిన్న చిల్లులు కనిపిస్తాయి. ఇది చర్చి కూడా కాబట్టి భుజాలు కప్పుకోవాలి. నా చున్నీ ఆ రోజంతా పనికొచ్చింది.

పక్క వీధుల్లోనే సాన్ లుయీజి దేయ్ ఫ్రాంచేజి అనే చర్చి ఉంది, ఉచితం. ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో గీసిన మూడు పెద్ద చిత్రాలున్నాయి. అవున్న మూల చీకటి, పెట్టెలో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది. అందరూ ఇంకెవరో వేస్తారని చూస్తూ నిలబడతారు! నేనే వేశాను. పన్నులు వసూలు చేసే మత్తయిని క్రీస్తు శిష్యుడిగా రమ్మని పిలిచే చిత్రంలో వెలుగు కుడివైపు నుంచి బల్ల మీద పడుతుంది. ఎడమ చివర కుర్రాడు మాత్రం తలెత్తడు, డబ్బులు లెక్కపెట్టుకుంటూనే ఉంటాడు. వాణ్ణి చూస్తుండగానే లైటు ఆరిపోయింది, ఇంకో నాణెం వేశాను. రోమ్‌లో నా డబ్బుకి ఇంతకు మించిన గిట్టుబాటు ఎక్కడా దొరకలేదు. మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు, వేళలు చూసుకుని వెళ్లండి.

తిండికి శాకాహారులు కంగారు పడక్కర్లేదు. పిజ్జా తూకానికి అమ్మే కొట్లు అడుగడుగునా ఉన్నాయి. ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కోసి, తూచి ఇస్తారు. బంగాళదుంప ముక్కలు పరిచింది బాగుంటుంది. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగండి, కూర్చుంటే ధర మారిపోతుంది. నీళ్ల సీసాలు కొనడం దండగ. వీధుల్లో ఇనుప కుళాయిలు రోజంతా పారుతూనే ఉంటాయి, తాగే నీళ్లే. కుళాయి మూతిని కింద వేలితో మూస్తే పైనున్న చిల్లులోంచి చిమ్ముతాయి.

ట్రెవీ ఫౌంటెన్ పగటిపూట వద్దు. నీళ్ల కంటే సెల్ఫీ కర్రలే ఎక్కువ కనిపించాయి. స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే జరిమానా, కాళ్లు పీకుతున్నా నిలబడాల్సిందే. కొలోసియం మర్నాటికి వదిలేశాను. టికెట్ మీద పేరుంటుంది, పాస్‌పోర్టు తీసుకెళ్లాలి, ప్రయాణం చేసొచ్చిన రోజున అంత ఎండలో అది కుదరదు.

టెర్మినీ దగ్గర ఉండొద్దని చాలామంది భయపెడతారు. రాత్రి తొమ్మిదింటికి పెద్ద రోడ్డు మీద జనం ఉన్నారు, నాకేమీ అనిపించలేదు. స్టేషన్ వెనక సందులు మాత్రం ఒంటరిగా నాకు నచ్చలేదు. ఎ, బి మెట్రో లైన్లు కలిసేది అక్కడే కాబట్టి ఒకట్రెండు రాత్రులకి సరే. అంతకన్నా ఎక్కువ ఉండేవాళ్లు కొంచెం ఎక్కువైనా పెట్టి మోంటి పేటలో చూసుకోండి, అక్కణ్ణుంచి కొలోసియానికి నడిచే పోవచ్చు.